మఖ్దూం పదిహేడేళ్ళు, మన అనుమానాలు

తెలుగులో రాసే ముస్లింకి ఉండే అనుమానం మామూలు రచయితకు ఉండే అనుమానం లాంటిది కాదు. 'నేను రాసింది బాగుందా?' అని ప్రతి రచయితా తనను తాను అడుక్కుంటాడు. మన దగ్గరికి వచ్చేసరికి దానికంటే ముందే ఇంకో ప్రశ్న అడ్డం పడుతుంది. 'ఇది రాయడానికి నాకు హక్కుందా?' తెలుగులో రాస్తే 'సాయిబు అయి ఉండీ తెలుగు ఎంత బాగా రాస్తాడో' అని మెచ్చుకుంటారు. నువ్వు బయటివాడివన్న మాట ఆ మెచ్చుకోలులోనే దాగి ఉంది. ఉర్దూలో రాస్తే పట్నం పెద్దలు మన తలఫ్ఫుజ్ విని నవ్వుకుంటారు. జిల్లా ఉర్దూ, పొలం గట్ల ఉర్దూ, తెలుగు యాస కొట్టే ఉర్దూ అని. ఇంటి కష్టం రాస్తే జమాత్ పెద్దలకు కోపం. రాయకపోతే 'మీ లోపలి సంగతులు మీరెందుకు రాయరు?' అని సెక్యులర్ మిత్రుల ప్రశ్న. ఇన్ని వైపుల నుంచి ఇన్ని చూపులు వీపు మీద గుచ్చుకుంటుంటే కలం కదలడమే ఒక పోరాటం.

అందుకే మనలో ఎంతోమంది నాలుగు కవితలో, రెండు కథలో రాసి ఆగిపోయారు. ఆగిపోయినవాళ్ళను 'సరుకు అయిపోయింది' అని తేల్చెయ్యడం తేలిక. విమర్శ పేరుతో జరుగుతున్నదీ అదే. ఒక రచయిత ఎందుకు ఆగాడు, ఆగినవాడు మళ్ళీ దేన్ని పట్టుకుని లేస్తాడు అన్నది కూడా సాహిత్య విమర్శ అడగాల్సిన ప్రశ్నేనని నేననుకుంటాను. దానికి మఖ్దూం మొహియుద్దీన్ పుస్తకాలను ఆధారం చేసుకుంటున్నాను. ఆయన పెద్ద కవి అన్నది ఒక్కటే కారణం కాదు. మా ప్రాంతానికీ ఆయనకీ ఉన్న లెక్క ఒకటుంది.

మాది మఠంపల్లి. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత సూర్యాపేట జిల్లా. నియోజకవర్గం హుజూర్‌నగర్. కృష్ణ ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామి గుడి, మఠంపల్లిలో శుభవార్త చర్చి, పాలకీడు వైపు పోతే జాన్‌పహాడ్ దర్గా. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి, మిరప, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. ఉర్దూ అదబ్ చరిత్రలో ఈ ఊళ్ళ పేర్లు వెదికినా కనిపించవు. అయితే 1952 సాధారణ ఎన్నికల తర్వాత వచ్చిన ఉపఎన్నికలో ఈ హుజూర్‌నగర్ జనం హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు పంపింది ఒక ఉర్దూ కవిని. 'సుర్ఖ్ సవేరా' రాసిన మఖ్దూంని. కమ్యూనిస్టు పార్టీ మీద అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉంది కాబట్టి ఆ పక్షం వాళ్ళంతా పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. ఓటేసినవాళ్ళు తెలుగు రైతులు, కూలీలు, తండాల జనం. ఆయన నజ్ములు వాళ్ళలో ఎందరు చదివి ఉంటారు? కానీ ఆయన ఎవరి పక్షమో వాళ్ళకు తెలుసు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య జరిగి ఎన్నో ఏళ్ళు కాలేదు. పేరు చూసి మనిషిని లెక్కగట్టే గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అలాంటి రోజుల్లో జరిగిందిది. 'ఉర్దూ అంటే నవాబుల భాష, రజాకార్ల భాష' అని తేల్చిపారేసేవాళ్ళు ఈ ఒక్క ఎన్నికను గుర్తుపెట్టుకుంటే చాలు. 'మా ఉర్దూ మా వాళ్ళకే' అని గిరిగీసుకునే మనవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక పుస్తకాల సంగతి. మఖ్దూం 1908లో మెదక్ జిల్లా అందోలులో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చిన్నాన్న పెంచాడు. ఉస్మానియాలో చదువుకుని, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ కొలువు వదిలేసి కార్మిక సంఘాల్లోకి నడిచాడు. 'సుర్ఖ్ సవేరా' 1944లో వచ్చింది. రెండో పుస్తకం 'గుల్-ఎ-తర్' 1961లో వచ్చింది. ఈ రెంటినీ కలిపి, కొత్తవి చేర్చి 1966లో 'బిసాత్-ఎ-రక్స్' తెచ్చారు. 1969లో సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే. అదే ఏడు ఆగస్టు 25న ఆయన ఢిల్లీలో కన్నుమూశాడు. ఒక జీవితకాలపు కవిత్వమంతా ఒక్క సంపుటిలో ఇమిడిపోయింది.

మొదటి పుస్తకానికీ రెండో పుస్తకానికీ నడుమ పదిహేడేళ్ళు. ఈ ఎడాన్ని చూసి రెండు రకాల తీర్పులు వినిపిస్తుంటాయి. రాజకీయం కవిని మింగేసిందన్నది మొదటిది. విప్లవం చల్లారాక ప్రేమ కవిత్వంలోకి జారుకున్నాడన్నది రెండోది. రెండూ పుస్తకాలు తెరవకుండా చెప్పే మాటలే. ఆ పదిహేడేళ్ళలో తెలంగాణ సాయుధ పోరాటం ఉంది, అజ్ఞాతవాసం ఉంది, జైలు ఉంది, హుజూర్‌నగర్ ఉంది, కార్మిక సంఘాల పని ఉంది. కవిత్వమూ ఉంది. తక్కువగా ఉంది, కానీ ఉంది.

'ఖైద్' అనే నజ్మ్ చూడండి. కమ్యూనిస్టు కవి జైలు కవిత అనగానే పిడికిళ్ళు, సంకెళ్ళు తెగిన చప్పుడు ఆశిస్తాం. అందులో ఉన్నది రాత్రి, రాత్రి నిశ్శబ్దం, ఒంటరితనం, గోడల అవతల ఎక్కడో దూరాన ఊరి గంటల మోత. బయట సభల్లో వేలమంది ముందు పాడిన గొంతు లోపల తనతో తాను మాట్లాడుకుంటోంది. దీన్ని బలహీనత అందామా? నేననను. ఎప్పుడూ జనం మధ్య ఉన్న కవి మొదటిసారి వినేవాడెవడూ లేకుండా రాయడం నేర్చుకున్న చోటు అది.

'చాంద్ తారోం కా బన్' స్వాతంత్ర్యానికి ముందు, తర్వాత, ఆ పైన అని మూడు దశల్లో నడుస్తుంది. ఎదురుచూసిన తెల్లవారు ఎదురుచూసినట్టు రాలేదని ఒప్పుకుంటుంది. ఒప్పుకుని అక్కడ కూలబడదు. చేతిలో చెయ్యి వేసుకుని ఇంకా నడవాలంటుంది. 'చారాగర్'లో ఒక చమేలీ పందిరి, దాని కింద ప్రేమలో కాలిపోయిన ఇద్దరు. మసీదు మినార్లు, మందిరం తలుపులు, మధుశాల గోడలు, అందరూ చూశారు వాళ్ళను. వాళ్ళ జబ్బుకు నీ సంచిలో మందుందా అని వైద్యుణ్ణి అడుగుతాడు కవి. ఈ నజ్మ్‌లో ప్రేమ లేదని ఎవరంటారు? రాజకీయం లేదని మాత్రం ఎవరనగలరు? మన ఊళ్ళలో ఇలాంటి ఇద్దరి మీద ఎన్ని పంచాయితీలు జరగలేదు!

ఇంకో సంగతి. 'సుర్ఖ్ సవేరా'లో నజ్ములదే రాజ్యం. ఊరేగింపుల్లో పాడగలిగిన పాటలు, సభను లేపి నిలబెట్టే పాటలు. ఈ కవి యాభై దాటే వేళకు గజల్ పట్టుకున్నాడు. ప్రగతివాద విమర్శకుల్లో చాలామంది గజల్‌ను దర్బారుల వారసత్వమని పక్కన పెట్టిన కాలం ఒకటుంది. ఆ బళ్ళో పెరిగిన కవి, పేరున్న కవి, పార్టీ నాయకుడు, ఆ వయసులో వచ్చి కొత్త పనివాడిలా మత్లా నుంచి మొదలుపెట్టాడు. పువ్వుల రాత్రి మీద ఆయన రాసిన గజల్ 1982లో 'బాజార్' సినిమాలో చేరాక ఆయన పేరు తెలియనివాళ్ళ నోళ్ళలో కూడా నానింది. పాత పనిముట్టు మొండిబారితే ఇంకొకటి చేతికి తీసుకోవాలి. 'ఇన్నేళ్ళ నుంచి ఇలా రాస్తున్నవాణ్ణి, ఇప్పుడు మార్చుకుంటే ఏమంటారో' అన్న భయంతో మనలో ఎందరు రాయడమే మానుకున్నారో లెక్క వేసుకోండి.

1961లో కాంగోలో లుముంబాను చంపినప్పుడు మఖ్దూం రాసిన నజ్మ్ పేరు 'చుప్ న రహో'. ఊరుకోవద్దని. అందోలులో పుట్టి హైదరాబాద్‌లో బతికినవాడికి ఆఫ్రికా గురించి రాసే హక్కు ఎవరిచ్చారని ఆయన ఎవర్నీ అడగలేదు. బాధపడ్డాడు, రాశాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపినప్పుడూ అంతే. హక్కు ముందు, రాత తర్వాత అనుకునేవాళ్ళం మనం. రాసినవాడికే హక్కు వస్తుందని ఆ కవితలు చెబుతున్నాయి.

ఇంతగా పొగిడాను కాబట్టి ఒక లోటు కూడా చెప్పాలి. మఖ్దూంకి 'తెలంగన్' అని ఒక నజ్మ్ ఉంది. పొలం గట్ల మీద నడిచే తెలంగాణ పల్లెపిల్ల మీద రాసింది. ప్రేమగా రాశాడు, గౌరవంగా రాశాడు. కానీ ఆ పిల్లను పిలిచిన మాటలన్నీ ఆమెకు అర్థం కాని ఉర్దూలో ఉన్నాయి. ఆమెకు ఆ ఉర్దూ రాదు, ఆ కవితకు తెలుగు రాదు. ఆమె మనకు కనిపిస్తుందే గాని మాట్లాడదు. ఇది మఖ్దూం ఒక్కడి లోటు కాదు. ఆ తరం పట్టణ ఉర్దూ కవిత్వం మొత్తానికి పల్లె అంటే చూసేది. ఆ తరం తెలుగు కవిత్వంలో చాలా భాగానికి సాయిబు అంటే పీర్ల పండుగ రోజు కనిపించేవాడు. ఈ రెండు కవిత్వాలకూ నడుమ ఖాళీగా మిగిలిన చోటు ఒకటుంది. ఇంట్లో దక్నీ, బయట తెలుగు మాట్లాడే మనిషి చోటు అది. మన ఊళ్ళో మన ఇంటి భాషను 'తురకం' అంటారే, ఆ తురకం మాట్లాడుతూ నాట్లేసే ఖాలాలు, బీడీలు చుట్టే ఆపాలు, ఆటో నడిపే భాయీలు ఉండే చోటు. అక్కడి నుంచి మనం తప్ప ఇంకెవరు రాస్తారు? 'నేనెందుకు రాయాలి?' అన్న అనుమానానికి నాకు దొరికిన మొదటి జవాబు ఇదే. పెద్ద కవి వదిలేసిన చోటు చిన్న రచయితకు పని చూపిస్తుంది.

ఇప్పుడు తెలుగు వైపు వద్దాం. ఈ 'నాకు హక్కుందా' అన్న అనుమానం ముస్లింలకే పుట్టలేదు. ఒకప్పుడు తెలంగాణకు తెలంగాణే దాన్ని మోసింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరా కవుల్ని వెదికించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. 354 మంది కవులు! అందరూ గొప్ప కవులా? కాదు. ఆ సంచికలో మామూలు పద్యాలు చాలా ఉన్నాయి. అయినా పేజీలు తిప్పుతున్నకొద్దీ ఒక జాతి తన అనుమానాన్ని ఎలా ఓడించిందో కళ్ళకు కడుతుంది. ఒక్కొక్కడుగా ఉన్నప్పుడు ప్రతివాడూ 'నేనొక్కణ్ణే' అనుకున్నాడు. ఒక అట్ట కింద చేరాక 'మనం ఇంతమందిమి' అనుకున్నారు.

మన విషయంలోనూ ఇదే జరిగింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. బాబ్రీ మసీదును కూల్చింది 1992 డిసెంబరు 6న. అంటే కూల్చివేతకు ముందే ఆ దీర్ఘకవిత వచ్చింది. ఈ తేదీలు ముఖ్యం. ముస్లిం కవిత్వం కూల్చివేతకు వచ్చిన ప్రతిధ్వని మాత్రమే అనేవాళ్ళకు ఇది జవాబు. కూలింది ఒక కట్టడం. దానికి చాలాముందు నుంచే మన పుట్టుక మీద, మన దేశభక్తి మీద వేసిన మచ్చ ఉంది. పుడుతూనే ఒంటి మీద అనుమానం మోసుకొచ్చే మనిషి గురించి ఆ కవిత మాట్లాడింది. పాఠకుణ్ణి నిలబెట్టి, నీ చూపు వల్ల నాకీ మచ్చ పడిందని చెప్పింది. రచయిత ఆత్మసందేహానికి దాని వల్ల ఒక పేరు దొరికింది. అప్పటిదాకా మనం దాన్ని మన పిరికితనం అనుకున్నాం. అది పైనుంచి మన మీద వేసిన అనుమానం. ఏళ్ళ తరబడి మోసి మోసి మనదే అనుకున్నాం.

ఆ తర్వాత 1998లో నల్లగొండ జిల్లావాడైన స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. గుజరాత్ మారణకాండ జరిగిన 2002లో 'అజా', 2004లో ముస్లిం కథల సంకలనం 'వతన్' వచ్చాయి. ఈ సంకలనాల మీద కళాత్మకత తక్కువన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. అందులో కొంత నిజముంది. అది ముందుముందు మాట్లాడతాను. కానీ సంకలనం చేసే మొదటి పని కళాఖండాలు ఏరడం కాదు. ఒంటరి అనుమానాన్ని పదిమంది అనుమానంగా మార్చడం. పదిమందిదైన అనుమానం ప్రశ్న అవుతుంది. ఒకడిదిగా ఉన్నంతకాలం రోగంలా తింటుంది.

భయాన్నీ అనుమానాన్నీ కూడా ఒక గాట కట్టకూడదు. షోయబుల్లాఖాన్ 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక నడిపాడు. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో చేరాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడలో అర్ధరాత్రి ఇంటికి వెళుతుంటే కాల్చారు, రాసే చేతిని నరికారు. ముప్పై నిండని వయసు. ఆయనకు భయపడడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అయినా ఆ సంపాదకీయాల్లో తొట్రుపాటు లేదు. తాను ఎవరి కోసం రాస్తున్నాడో ఆయనకు తెలుసు. మన గతి తలకిందులు. మన చెయ్యి నరికేవాడు ఎదురుగా ఉండడు. పక్కన కూర్చుని 'ఈ మాట తెలుగు కాదేమో' అంటాడు. 'పాఠకులకు అర్థమవుతుందా?' అంటాడు. ఆ మెత్తటి మాటకు కలం ఆగినంత తొందరగా బెదిరింపుకు ఆగదు.

ఉర్దూ వార్తల్ని తెలుగులోకి, తెలుగు వార్తల్ని ఉర్దూలోకి మార్చడం నా బతుకుదెరువు. ఇరవై ఏళ్ళుగా రెండు భాషల గడప మీద కూర్చుని ఉన్నాను. ఒక పత్రికకు నేను పంపిన కథనంలో 'అమ్మీ' అని ఉన్నచోటల్లా 'అమ్మ' అని దిద్ది అచ్చేశారు. దిద్దినవాళ్ళకు దురుద్దేశం లేదు. భాష శుభ్రం చేశామనుకున్నారు. 'జనాజా' అంటే బ్రాకెట్లో 'శవయాత్ర' అని పెట్టాలి. 'దస్తర్‌ఖాన్' అంటే కింద గుర్తు వేసి అర్థం రాయాలి. కచేరీ, జమీను, తహసీలు, దస్తావేజు, వకాలతు, ఇవన్నీ ఎక్కడి మాటలు? సర్కారు నోట్లో పడితే తెలుగైన మాట, సాయిబు ఇంట్లో పలికితే పరాయిదవుతుందా? దాశరథి 1961లో 'గాలిబ్ గీతాలు' తెస్తే తెలుగు లోకం నెత్తిన పెట్టుకుంది. పెట్టుకోవాల్సిందే, ఆ పుస్తకం అంతటిది. సామల సదాశివ ఉర్దూ కవుల ముచ్చట్లు చెబితే చెవులప్పగించి విన్నాం. వాళ్ళిద్దరి రుణం మనం తీర్చలేం. నా ప్రశ్న వాళ్ళను కాదు, పాఠకులను. దాశరథి నోట ఉర్దూ విన్నప్పుడు అది సంస్కారం అనిపించినవాళ్ళకు, మస్తాన్ నోటో మహబూబీ నోటో విన్నప్పుడు అడ్డం తగులుతున్నది ఏమిటి?

అయినా జనం ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. జాన్‌పహాడ్ ఉర్సుకు జనవరిలో వెళ్ళి చూడండి. కందూరు చేసేవాళ్ళలో సాయిబులకంటే ఇతరులే ఎక్కువ. ఆ సైదన్న పేరు మీద మా చుట్టుపక్కల పల్లెల్లో ఎందరు సైదులు, ఎందరు సైదమ్మలు, ఎందరు సైదిరెడ్లు! సైదులు అన్న పేరు విని అతనిది ఏ మతమో, ఏ కులమో చెప్పమంటే మా ప్రాంతంలో ఎవరూ చెప్పలేరు. సయ్యద్ అన్న అరబ్బీ మాట తెలుగు నోట్లో పడి, 'లు' తగిలించుకుని, రైతు పేరయింది. దానికింద ఎవరూ అర్థం రాయలేదు. అంతకుముందు వీరబ్రహ్మం శిష్యుడు దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు. ఆయన పేరు మీద తత్వాలు ఇప్పటికీ పాడుతున్నారు. పిఠాపురంలో ఉమర్ అలీషా పద్యాలు, నాటకాలు రాశాడు, పండితుల సభల్లో కూర్చున్నాడు. మన అనుమానానికి వయసు తక్కువ. మన తెలుగుకు వయసు ఎక్కువ. ఈ సంగతి ఎప్పుడూ మరవకూడదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. 1990ల నుంచి వచ్చిన మన కవిత్వంలో కొన్ని మాటలు అరిగిపోయాయి. బుర్ఖా, ఖబరస్తాన్, నెలవంక, నెత్తురు, గాయం. మొదటి కవి రాసినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇరవయ్యో కవి రాసేసరికి అది అలవాటైంది. ఇక్కడ అనుమానం మనకు శత్రువు కాదు. 'ఈ మాట నేను చూసి రాశానా, విని రాశానా?' అని అడిగే అనుమానం కావాలి. గాలిబ్ 1841లో తన ఉర్దూ దీవాన్ అచ్చేయించేటప్పుడు పడుచు వయసులో రాసిన ఎన్నో షేర్లు పక్కన పెట్టేశాడు. ఆ మొదటి రోజుల రాతప్రతి భోపాల్లో బయటపడి 1921లో అచ్చయితే ఎంత వదిలేశాడో లోకానికి తెలిసింది. అది కూడా అనుమానమే. చేసిన పనిని జల్లెడ పట్టే అనుమానం. చెయ్యబోయే పనికి అడ్డుపడే అనుమానం వేరు. రాసిన కాగితం మీద ఎంతైనా అనుమానపడు. రాయబోయే చెయ్యి మీద పడకు. ఈ తేడా తెలియకపోతే చెడ్డ కవిత అచ్చవుతుంది, మంచి కవిత పుట్టకుండా పోతుంది.

మనమే ఇంకొకరికి అనుమానం పంచుతున్నామా అన్నది రెండో మాట. నూర్‌బాషాలను, దూదేకులను 'వాళ్ళకు ఉర్దూ రాదు, వాళ్ళేం ముస్లింలు?' అని చిన్నచూపు చూసే ఖాన్ సాబులు మనలో లేరా? తెలుగు వాళ్ళు మనల్ని అడిగిన ప్రశ్ననే మనం వాళ్ళను అడుగుతున్నాం. ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. రాసే అమ్మాయికి మన అనుమానాలన్నీ ఉంటాయి, వాటి మీద ఇంట్లోవాళ్ళ అనుమానం ఒకటి అదనం. 'పేరు బయటికి వస్తే సంబంధాలొస్తాయా?' అని. షాజహానా 'నఖాబ్' అని తన పుస్తకానికి పేరు పెట్టి 2005లో తెచ్చిందంటే, అంతకుముందు మాహె జబీన్ 'ఆకురాలు కాలం' వచ్చిందంటే, ఆ పుస్తకాల వెనక మనకు కనిపించని బేరసారాలు ఎన్ని జరిగి ఉంటాయో మనింట్లో మన చెల్లెల్ని అడిగితే చెబుతుంది. వాళ్ళు రాశారు. ఆ రాత ముందు మన మగ అనుమానాలు కొంచెం తేలిపోతాయి.

గాయం చెప్పాక ఏం చెప్పాలి అన్నది మూడోది, అసలైనది. చాలామంది ఆగిపోయింది ఇక్కడే. 'మా మీద అనుమానపడకండి' అని ఎన్నిసార్లు రాస్తాం? ఎవరికి జవాబు చెప్పడం కోసం రాశామో వాళ్ళు వినకపోతే కలం అలిసిపోతుంది. దీనికి మన కథకులు దారి చూపించారు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'లో నెల్లూరు ఇంటి గోల ఉంది, నవ్వు ఉంది, అమ్మ తిట్లు ఉన్నాయి. అవి ఎవరికీ జవాబు చెప్పవు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ కథల్లో కడప పల్లె పేదరికం ముందు నడుస్తుంది, మతం దాని పక్కన నడుస్తుంది. ఇంటి లోపలి మనిషిని ఇంటి లోపల నుంచి రాసినప్పుడు కలానికి అలుపు రాదు. జవాబు ఒకసారి చెబితే అయిపోతుంది, బతుకు అయిపోదు కదా. ఇందులో ప్రమాదమూ ఉంది. గాయాన్ని పూర్తిగా మరచి ముచ్చట్లకే పరిమితమైతే పెద్దవాళ్ళకు నచ్చే సాయిబులమైపోతాం. రెండూ పట్టుకోవాలి. 'చారాగర్' రాసిన చెయ్యే 'చుప్ న రహో' రాసింది.

'రాయాలన్న ఊపు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి?' అని యువకులు అడుగుతుంటారు. ఊపు కోసం ఎదురుచూడకండి. మీ మాట కోసం ఎదురుచూసేవాళ్ళను వెదుక్కోండి. మఖ్దూంకి కార్మికులున్నారు, ముషాయిరాలున్నాయి, ఓటేసిన హుజూర్‌నగర్ ఉంది. సురవరానికి 354 మంది ఉన్నారు. 'జల్‌జలా' కవులకు పక్క పేజీలోని కవి ఉన్నాడు. మీకు ఎవరున్నారో చూసుకోండి. ఇద్దరున్నా చాలు. మీరు రాసింది చదివి 'ఇది మా ఇల్లే' అనే మనిషి ఒకరు, 'ఇది అబద్ధం, మళ్ళీ రాయి' అనే మనిషి ఒకరు. మొదటి మనిషి లేకపోతే మీరు ఆగిపోతారు. రెండో మనిషి లేకపోతే మీ రాత ఆగిపోతుంది.

పదిహేడేళ్ళు పుస్తకం రాకపోయినా మఖ్దూంని ఎవరూ మాజీ కవి అనలేదు. అన్నా ఆయన పట్టించుకునేవాడు కాదేమో, చేతినిండా పని ఉంది. మీరూ ఆగి ఉంటే ఆగినందుకు సిగ్గుపడకండి. ఆగిన ఏళ్ళలో ఏం చూశారో అది రాయండి. అమ్మీని అమ్మీ అనే రాయండి. అర్థం కింద రాయకండి. సైదులుకు అర్థమవుతుంది.